సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతే ముందు మనం ఏం చూసుకోవాలి?

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడర్ చేసిన ప్రసంగ పాఠం)



సీసీ గారు ఫోన్ చేసి "సోలార్ ఇన్వర్టర్ రిపేర్ల మీద ఒక అరగంట మాట్లాడాలమ్మా" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను ఇంజినీరుని కాదు. పదో తరగతి పాసయ్యాను, ఉయ్యూరు అవతల మా ఊళ్లో జాకెట్లు కుడతాను. ఇన్వర్టర్ గురించి నాకు తెలిసిందంతా డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నదే. ఆ డబ్బు కూడా నా ఒక్కదానిది కాదు, మన సంఘం లోనుది. అందుకే ముందు ఆ సంగతి చెప్తాను.

2022లో బ్యాంకు లింకేజీ లోనులో నా వాటాతో రెండు మోటారు మిషన్లు కొన్నాను. కరెంటు పోతే పని ఆగకూడదని చిన్న సోలార్ సెట్టు కూడా పెట్టించాను. డాబా మీద రెండు పలకలు, కింద ఒక ఇన్వర్టర్, ఒక 12 వోల్టుల బ్యాటరీ. ఏడాది బాగా నడిచింది. తర్వాత సంక్రాంతి ముందు, సరిగ్గా జాకెట్లు గుట్టలు పడిన రోజుల్లో, రెండో మిషన్ తొక్కగానే ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోవడం మొదలుపెట్టింది. ఒక మిషన్ అయితే నడుస్తుంది, రెండోది ఆన్ చేస్తే పోతుంది. 'లో బ్యాటరీ' అని లైటు వెలుగుతుంది. రిపేరు చేసే ఆయన వచ్చి చూసి "కార్డు కాలిపోయిందమ్మా" అని ఇన్వర్టర్ ఊడదీసి పట్టుకెళ్లాడు. పన్నెండు రోజులు పట్టింది, 6,500 రూపాయలు తీసుకున్నాడు. పండగ గిరాకీ పోయింది. ఆ నెల నా కిస్తీ పదహారు రోజులు ఆలస్యమైంది. మా సంఘం పుస్తకంలో ఆ తేదీ ఇప్పటికీ ఉంది, మీరు చూడొచ్చు. లీడరే ఓవర్ డ్యూ అయితే మిగతావాళ్లని ఏ మొహం పెట్టుకుని అడగాలి?

సరే, తెచ్చి బిగించాడు. ఇరవై రోజులు నడిచింది. ఇరవై ఒకటో రోజు మళ్లీ అదే కీచు.

ఈసారి మా అక్క కొడుకుని పిలిచాను. వాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు. వాడు ఇన్వర్టర్ వైపు చూడనే లేదు. బ్యాటరీ దగ్గర కూర్చుని, "రెండు మిషన్లూ నడుపు పిన్నీ" అన్నాడు. నడిపాక బ్యాటరీకి తీగలు పట్టే బొడిపెల మీద మీటరు పెట్టాడు, 12.4 చూపించింది. అవే తీగలు ఇన్వర్టర్లోకి వెళ్లే చోట పెట్టాడు, 10.6 చూపించింది. "చూశావా, మధ్యలో దాదాపు రెండు వోల్టులు ఎవరో తినేస్తున్నారు" అన్నాడు. తీగ చివర ముట్టుకుంటే వెచ్చగా ఉంది. ఊడదీస్తే లోపలంతా తెల్లగా, పచ్చగా పిండి పట్టి ఉంది. బ్యాటరీ నిండుగానే ఉంది, ఇన్వర్టర్ బాగానే ఉంది, మధ్యలో ఆ చిలుము కరెంటుని వదలడం లేదు. ఒక మిషన్‌కి చాలినంత వెళ్తుంది, రెండిటికి చాలినంత వెళ్లదు. వేడినీళ్లలో వంటసోడా కలిపి, పాత పళ్ల బ్రష్షుతో తోమి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజలైన్ రాశాడు. పావుగంట పని. ఖర్చు పది రూపాయల సోడా.

మరి మొదటిసారి ఆ 6,500 తీసుకున్నాక ఇరవై రోజులు ఎలా పనిచేసింది? ఊడదీసి మళ్లీ బిగించేటప్పుడు తీగ కాస్త గట్టిగా పట్టుకుంది, అంతే. కార్డు మార్చాడో లేదో ఆ దేవుడికి తెలియాలి. ఆయన మోసం చేశాడని నేను అనను. ఆయనకీ బ్యాటరీ దగ్గర చూడాలని తోచి ఉండకపోవచ్చు. నాకూ తోచలేదు కదా.

అప్పటినుంచి నేను పట్టుకున్న మాట ఒక్కటే. ఇన్వర్టర్ ఆగిపోతే తప్పు ఆ పెట్టెలోనే ఉందనుకోవద్దు. చాలాసార్లు తప్పు దాని ముందో వెనకో ఉంటుంది. పలకల దగ్గర, తీగల దగ్గర, బ్యాటరీ దగ్గర, మీటరు దగ్గర, లేదా మనం పెట్టిన లోడు దగ్గర. ఇవన్నీ మూత తీయకుండా, స్క్రూ ముట్టుకోకుండా చూడగలిగినవే.

అయితే ముందు మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో తెలియాలి. బ్యాటరీ ఉన్నది ఒక రకం, నాది అదే. బ్యాటరీ లేకుండా కరెంటు వాళ్ల లైనుతో కలిసి నడిచేది ఇంకో రకం, దాన్ని ఆన్ గ్రిడ్ అంటారు. రెండూ కలిసినది హైబ్రిడ్. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మన వాళ్లు పెట్టించుకుంటున్నవి ఎక్కువ ఆన్ గ్రిడ్. రెండు కిలోవాట్లకి 60 వేలు, మూడు కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ వస్తుంది కాబట్టి అందరూ దానికే వెళ్తున్నారు. బిల్లు తగ్గడానికి అది మంచిదే. కానీ ఒక సంగతి పెట్టించేటప్పుడు ఎవరూ గట్టిగా చెప్పరు. లైనులో కరెంటు పోతే మీ సోలార్ కూడా ఆగిపోతుంది. ఎంత ఎండ ఉన్నా సరే.

అది రిపేరు కాదండి. అలాగే తయారు చేశారు. కరెంటు తీశాననుకుని లైన్‌మేన్ స్తంభం ఎక్కుతాడు. అప్పుడు మన డాబా మీద నుంచి కరెంటు లైనులోకి వెళ్తే ఆ మనిషి ప్రాణం పోతుంది. అందుకే లైను చచ్చిపోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగుతుంది. కరెంటు వచ్చాక కూడా వెంటనే మొదలవదు, ఒక నిమిషం నుంచి ఐదు నిమిషాలు లెక్కపెట్టుకుని మొదలవుతుంది. ఈలోపు కంగారుపడి ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ చేస్తే ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఈ సంగతి మా అక్కావాళ్లకి ఎలా తెలిసొచ్చిందో చెప్తాను. వాళ్లది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఊరిమీద పడ్డప్పుడు వాళ్ల ఇంట్లోకి రొమ్ముల లోతు నీళ్లు వచ్చాయి. అందరూ డాబా ఎక్కారు. డాబా మీద నాలుగు సోలార్ పలకలు, అప్పటికి నెల రోజులు కాలేదు పెట్టించి. వాన తెరిపి ఇచ్చాక ఎండ కూడా కాసింది. పలకలు తళతళా మెరుస్తున్నాయి, చేతిలో ఫోన్లు చచ్చిపోయి ఉన్నాయి. కరెంటు వాళ్లు ప్రాణాలకి ప్రమాదమని సరఫరా ఆపేశారు. ఆపడమే మంచిది. మా అక్క పలకల పక్కన కూర్చుని, "ఇంత డబ్బు పోసి పెట్టించింది, ఒక్క ఫోన్ చేసుకోవడానికి పనికిరాలేదు" అని ఏడ్చిందట.

పక్క డాబా ఆయన ఒక సలహా ఇచ్చాడు. పలకల తీగలు ఊడబీకి నేరుగా ఛార్జరుకి కలిపేయమని. మా వాడు అడ్డం పడ్డాడు. నాలుగు పలకలు వరసగా కలిపితే దాదాపు 160 నుంచి 200 వోల్టుల డి.సి. కరెంటు ఉంటుంది. ఆరు పలకలైతే 250, 300 దాకా వెళ్తుంది. దానికి స్విచ్చు లేదు. ఎండ ఉన్నంతసేపు అది బతికే ఉంటుంది. నడుస్తుండగా తీగ ఊడబీకితే నిప్పు రవ్వ సాగి మంటలా నిలబడుతుంది, మామూలు కరెంటులా చిటుక్కున ఆరిపోదు. వాళ్ల ఇన్వర్టరూ, దాని డి.సి. స్విచ్చూ మెట్ల కింద గోడకి, అంటే నీళ్లలో ఉన్నాయి. పై మెట్టు మీద నిలబడి చిన్నమ్మాయి బిందె కోసం నీళ్లలోకి దిగబోతుంటే మావాడు జబ్బ పట్టుకుని లాగాడట. తర్వాత ఉన్న రెండు బొంతలూ, ఒక పాత ఫ్లెక్సీ తెచ్చి పలకల మీద కప్పేశాడు. పలకలకి చీకటైతే కరెంటు పుట్టదు. అందరూ బొంతలు తడిసిపోతాయని తిట్టారు. బొంతలు పోతే పోయాయి.

నీళ్లు తీశాక ఇంకో గండం. పెట్టించిన వాళ్ల మనిషి ఫోన్లో "ఎండలో నాలుగు రోజులు పెట్టి ఆన్ చేసి చూడండి" అన్నాడు. బావ ఆన్ చేయబోయాడు కూడా. మునిగిన ఇన్వర్టర్ పైకి ఆరినట్టే ఉంటుంది. లోపల బురద, తేమ అట్టకట్టి ఉంటాయి. ఆన్ చేస్తే కాలడమో, పైరేకుకి కరెంటు రావడమో జరుగుతుంది. మావాడు చెయ్యనివ్వలేదు. వారంటీ వరద నీళ్లకి వర్తించదన్నారు, కొత్తది కొనుక్కున్నారు. ఈసారి మెట్ల కింద కాదు, పైన మెట్లగదిలో నీడపట్టున పెట్టించారు. మీలో కాలవగట్ల మీద, పల్లపు ఇళ్లలో ఉన్నవాళ్లు పెట్టించేటప్పుడే ఎత్తు గురించి అడగండి. తర్వాత మార్చాలంటే తీగలు చాలవంటారు.

నా సొంత అభిప్రాయం ఒకటి చెప్తాను, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. మన డెల్టాలో తుఫాను వస్తే రోజుల తరబడి కరెంటు ఉండదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చూశాం. బిల్లు తగ్గించే పెద్ద ఆన్ గ్రిడ్ సెట్టు ఉన్నవాళ్లు కూడా, రెండు బల్బులకి, ఫోన్లకి సరిపోయే ఒక చిన్న పలక, చిన్న బ్యాటరీ వేరేగా పెట్టుకోవడం మంచిదని నేననుకుంటున్నాను. గ్రామ సంఘం ఆఫీసులో ఒకటి ఉన్నా ఊరికంతటికీ ఫోన్లు ఛార్జింగ్ పెట్టొచ్చు.

ఇప్పుడు ఇన్వర్టర్ ఆగిన రోజు ఏం చెయ్యాలో చెప్తాను. ముందు ఏమీ నొక్కకండి. చూడండి. ఏ లైటు వెలుగుతోంది, తెర మీద ఏ అక్షరాలు ఉన్నాయి, ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. ఆన్, ఆఫ్ చేస్తే ఆ అక్షరాలు పోతాయి, తర్వాత మెకానిక్ వచ్చి "ఏం చూపించింది?" అంటే "ఏదో ఎర్రగా వెలిగిందండి" అంటాం. తర్వాత వాసన. కాలిన వాసన వచ్చినా, పొగ కనబడినా ఇక మీ పరిశోధన అయిపోయింది. మెయిన్ ఆపి, డి.సి. స్విచ్చు ఆపి, ఫోన్ చెయ్యండి. వాసన లేకపోతే ముందుకి వెళ్లొచ్చు.

లైనులో కరెంటు ఉందా? ఎంసీబీ ఏదైనా పడిపోయిందా? మా ఊళ్లో ఒక వదినకి నలభై రోజులు సోలార్ యూనిట్లు సున్నా. పిల్లాడు ఆటలో డి.సి. స్విచ్చు తిప్పేశాడు. వచ్చినాయన దాన్ని తిప్పి 500 తీసుకున్నాడు. ఎంసీబీ పడిపోయి ఉంటే ఒక్కసారి లేపండి. మళ్లీ పడితే రెండోసారి లేపకండి, అది ఏదో చెప్తోంది. ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు వెయ్యాలి గానీ రాగి తీగ చుట్టకూడదు. కటవుట్‌లో చుట్టే అలవాటు మనకి ఉంది కదా, ఇక్కడ పనికిరాదు.

'ఓవర్ లోడ్' అంటే మనమే ఎక్కువ పెట్టామని. ఇస్త్రీపెట్టె ఒక్కటే 750 నుంచి 1,000 వాట్లు. మిక్సీ 500, 750. నీళ్ల మోటారు ఒక హార్స్‌పవర్ అయితే 746 వాట్లు, కానీ మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. చిన్న ఇన్వర్టర్ మీద మోటారు వెయ్యడం దూడకి కాడి కట్టడమే. సామాన్లన్నీ తీసేసి, ఆపి, మళ్లీ ఆన్ చేసి ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఏది పెట్టినప్పుడు ఆగుతుందో తెలిసిపోతుంది.

బ్యాటరీ ఉన్నవాళ్లు 300, 400 రూపాయలు పెట్టి ఒక మల్టీమీటరు కొనుక్కోండి. సంఘానికి ఒకటి చాలు. డి.సి. 20 వోల్టుల దగ్గర ముల్లు పెట్టాలి, ఆంపియర్ల వైపు తిప్పకూడదు. బ్యాటరీ మీద తప్ప పలకల తీగల మీద పెట్టకూడదు. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉండి కాసేపు పనిలేకుండా ఉంటే 12.6 దాకా చూపిస్తుంది. మంచి ఎండలో ఛార్జింగ్ ఎక్కుతుంటే 13.5 నుంచి 14.4 మధ్య ఉండాలి. మిట్ట మధ్యాహ్నం కూడా 12.5 దగ్గరే కదలకుండా ఉంటే పలకల నుంచి కరెంటు రావడం లేదని అర్థం. ఇక బ్యాటరీని, ఇన్వర్టర్‌ని అనుమానించకుండా పైకి చూడాలి. పగలంతా 14 చూపించి, రాత్రి రెండు బల్బులకే 11కి పడిపోతే అప్పుడు బ్యాటరీ ముసలిదైపోయిందని అనుకోవచ్చు.

బ్యాటరీ నీళ్ల సంగతి. డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పొయ్యాలి. బోరు నీళ్లు వద్దు, మన వైపు బోరు నీళ్లలో ఉప్పెంతో మీకు తెలుసు. బబుల్ నీళ్లూ వద్దు. యాసిడ్ అసలే పొయ్యకూడదు, ఆవిరైపోయేది నీళ్లే గానీ యాసిడ్ కాదు. ఛార్జింగ్ అవుతుంటే బ్యాటరీ నుంచి అంటుకునే గాలి వస్తుంది, అందుకని గాలాడే చోట ఉంచాలి. ఒక ఇంట్లో బ్యాటరీ మీద దేవుడి పటం, పటం ముందు దీపం చూశాను. దేవుణ్ణి వేరే చోట పెట్టమన్నాను.

చిలుము తుడిచేటప్పుడు వరస ముఖ్యం. ముందు ఇన్వర్టర్ ఆపి, పలకల స్విచ్చు ఆపాలి. పలకలు కలిపి ఉండగా బ్యాటరీ తీగ ఊడదీస్తే ఛార్జింగ్ చేసే భాగం పాడైపోవచ్చు. తర్వాత మైనస్ తీగ ముందు తియ్యాలి, ప్లస్ తర్వాత. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. చేతికి గాజులుంటే తీసేయండి, గాజు అడ్డం పడితే కొలిమిలా కాలుతుంది. సోడా నీళ్లు మూతల్లోంచి లోపలికి పోకూడదు.

పలకల గురించి ఎక్కువ చెప్పను. మన పొలాల నూర్పిళ్లప్పుడు దుమ్ము, గడ్డి తగలబెట్టిన మసి, పావురాల రెట్టలు. తెల్లారగట్ల చల్లగా ఉన్నప్పుడు మామూలు నీళ్లతో, మెత్తటి గుడ్డతో తుడవాలి. కాగిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. పలకల మీద అడుగు పెట్టకూడదు. కొబ్బరిమట్ట నీడ ఒక్క పలక మీద పడినా వరసలో ఉన్నవాటన్నిటి కరెంటూ తగ్గుతుంది. మూడు కిలోవాట్ల సెట్టు మంచి ఎండలో రోజుకి పన్నెండు యూనిట్ల దాకా ఇవ్వాలి. ఆరుకి పడిపోతే ముందు చెట్టు వైపు చూడండి.

ఆన్ గ్రిడ్ వాళ్లకి రెండు తమాషా జబ్బులు వస్తాయి. ఒకటి, మిట్ట మధ్యాహ్నం ఆగిపోయి మూడింటికి మళ్లీ రావడం. మా సంఘంలో ఒక అక్కకి ఇలాగే అయ్యేది, అందరూ ఇన్వర్టర్ మార్చమన్నారు. తెర మీద 'గ్రిడ్ ఓవర్ వోల్టేజ్' అని ఉండేది. 230 ఉండాల్సిన చోట 260 దాటి చూపించేది. ఊళ్లో వాడకం తక్కువున్న వేళ మన సోలార్ లైనులోకి తోస్తుంటే వోల్టేజీ పెరుగుతుంది. స్తంభం దగ్గర జాయింటు వదులుగా ఉంటే ఇంకా పెరుగుతుంది. ఆమె చేత ఏడు రోజులు టైమూ, అంకే రాయించాను. ఆ కాగితం పట్టుకుని సెక్షన్ ఆఫీసుకి వెళ్తే వాళ్లు వచ్చి జాయింటు సరిచేశారు. నోటితో చెప్పి ఉంటే "చూస్తాంలేమ్మా" అనేవారే. లైను వైపు తప్పయితే 1912కి కూడా ఫోన్ చెయ్యొచ్చు.

రెండోది, వానాకాలం పొద్దున్నే 'ఐసొలేషన్' అని ఎర్ర లైటు వచ్చి, పదింటికి ఎండెక్కాక పోవడం. పోయింది కదా అని వదిలేయకండి. పలకల తీగల జాయింట్లలోకి నీళ్లు వెళ్తున్నాయనో, ఎలుకలు తీగ కొరికాయనో అర్థం. తీగ స్టాండుకి తగిలితే స్టాండుకి కరెంటు రావొచ్చు. ఆ లైటు ఉన్నప్పుడు డాబా మీద స్టాండు ముట్టుకోకండి, దానికి తడిబట్టలు ఆరేయకండి. ఇది మనం చేసే పని కాదు, పెట్టించిన వాళ్లే చెయ్యాలి. సూర్యఘర్‌లో పెట్టించినవాటికి ఐదేళ్లు వాళ్లే మెయింటెనెన్స్ చూడాలి, మీ కాగితాల్లో ఉంటుంది, తీసి చదువుకోండి. పెట్టె మూత తీసే పని ఏదైనా సరే వాళ్లదే. ఆపేసిన తర్వాత కూడా లోపల కొన్ని భాగాల్లో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది.

"ఆడవాళ్లకెందుకు కరెంటు గోల" అని మా ఊళ్లో కొందరన్నారు. లోను సంతకం పెట్టేటప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు.

ఇక పుస్తకం. తీర్మానాలు, పొదుపులు, అప్పులు రాయడం మనకి కొత్తేం కాదు, పంచసూత్రాల్లో అదొకటి. ఇన్వర్టర్ పక్కన కూడా ఒక రూళ్ల పుస్తకం వేలాడదీశాను. వారానికోసారి యూనిట్లు, నెలకోసారి బ్యాటరీ నీళ్లు, ఆగిన రోజు తేదీ, టైము, వానా ఎండా, తెర మీద అక్షరాలు, ఎవరొచ్చారు, ఏం మార్చారు, ఎంత తీసుకున్నారు. మార్చిన పాత సామాను అడిగి తీసుకుంటాను. మొన్న ఒకాయన "కార్డు పోయిందమ్మా" అనబోయి ఆ పుస్తకం చూసి, "ముందు తీగలు చూస్తాను" అన్నాడు.

నాకిచ్చిన టైము దాటిపోయింది, ఏపీఎం గారు వాచీ చూసుకుంటున్నారు. బయట వరండాలో నా పాత ఇన్వర్టర్, కాలిపోయి పనికిరానిది, మూత తీసి పెట్టాను. దానికి ఏ తీగలూ లేవు, భయపడక్కర్లేదు. లోపల ఉబ్బిపోయిన డబ్బాలు, ఫ్యాను దగ్గర ఇరుక్కుని ఎండిపోయిన బల్లి, చీమల మట్టి అన్నీ కనబడతాయి. పక్కన ఒక బ్యాటరీ, మీటరు ఉన్నాయి. భోజనాలయ్యాక ఊరికొకరు చొప్పున రండి, మీ చేత్తోనే మీటరు పెట్టి చూద్దురుగాని. గాజులు తీసి రండి.